రెండు గుక్కల గంజి

ఆ గురువారం పొద్దున ఆకాశం తెల్లారీ తెల్లారనట్టుంది. ఎడారి మీంచి లేచిన దుమ్ము కిందికి దిగకుండా పైనే నిలిచిపోయింది. సూర్యుడు సత్తు గిన్నె మూతలా ఒకచోట అతుక్కుని ఉన్నాడు. వెలుగుంది, నీడలు లేవు. ఖతర్‌లోని బర్వా అల్ బరాహా కూలీల క్యాంపులో కంపెనీ బస్సుల కోసం వరుసకట్టిన మనుషుల కాళ్ల దగ్గర నేల ఖాళీగా ఉంది. ఇంతమంది నిలబడితే ఒక్క నీడా పడలేదేమని బుచ్చన్న కిందికి చూశాడు. చూసి ఊరుకున్నాడు. చూసినదంతా చెప్పే మనిషి కాదు.

వరుసలో గంగాప్రసాద్ లేడు.

"రాత్రి ఛాతీల మంటన్నడు. సోడా తాగి పన్నడు," అన్నాడు ఇక్బాల్. అతనిది బోధన్. కంపెనీ బస్సు నడుపుతాడు, ఉండేది వీళ్ల గదిలోనే. "జర లేపి తీస్కరా అన్నా. ఫోర్‌మన్ మొఖం సూడు, ఇయ్యాల ఎవర్నో ఒకర్ని తినేటట్టున్నడు."

బుచ్చన్న మెట్లెక్కి పోయాడు. గదిలో కోడి కూస్తోంది. అది గంగాప్రసాద్ ఫోన్‌లోని అలారం. ఊళ్లో తన పుంజు కూతను పెళ్లాం పుష్పతో రికార్డు చేయించి తెప్పించుకున్నాడు. కూత అయిపోగానే ఆమె గొంతు "వచ్చిందా?" అని అడుగుతుంది, రికార్డయిందా అని. ఆ ముక్క కోసేయమంటే గంగాప్రసాద్ కోయలేదు. రోజూ పొద్దున ఆమె "వచ్చిందా?" అనగానే పై మంచం మీంచి రఫీయుద్దీన్ "వచ్చింది వదినె, లేస్తున్నం" అనేవాడు. గదంతా నవ్వుతూ లేచేది.

కింది మంచానికి అడ్డంగా పుష్ప పాత చీర తెరలా కట్టి ఉంది. బుచ్చన్న తెర తీసి పాదం పట్టుకున్నాడు. ఏసీ గదిలో పడుకున్నవాడి పాదం చల్లగానే ఉంటుంది. ఆ చల్లదనం వేరు, ఇది వేరు.

"వచ్చిందా?" అంది ఫోన్.

అంబులెన్సు వచ్చింది. వచ్చినవాళ్లు మెట్లు ఎక్కేటప్పుడు పరుగెత్తారు, దిగేటప్పుడు నడిచారు. అది చూసి కింద నిలబడ్డవాళ్లకు అర్థమైపోయింది.

*

ఇక ఊరికి చెప్పాలి. క్యాంపులో మన దిక్కు మనిషి ఎవరు పోయినా ఆ పని బుచ్చన్నదే. ఎవరూ అప్పజెప్పలేదు, అలా వచ్చి పడింది. మాట తక్కువ మనిషి, నోరు జారడని అందరి నమ్మకం.

ఆ పనికొక పద్ధతి ఉంది. ఇంటికి ఫోన్ చేసి రెండే మాటలు చెప్పాలి: కండిషన్ సీరియస్. చెప్పి పెట్టేయాలి. వాళ్లు ఏడ్చి, కూడి, చుట్టాలను పిలుచుకున్నాక ఇంటి మగవాళ్లలో పెద్దకు ఉన్నమాట చెప్పాలి. సీరియస్ అంటే ఏమిటో బడి మొహం చూడని ముసలమ్మకు కూడా తెలుసు. జ్వరమైతే జరమొచ్చిందంటారు, కాలు విరిగితే కాలిరిగిందంటారు. దుబాయ్ నుంచి సీరియస్ అన్నారంటే పొయ్యిలో నీళ్లు పోసేస్తారు. ఖతర్ అయినా సౌదీ అయినా ఊరికి దుబాయే. అన్నీ తెలిసినా అప్పటిదాకా చావు అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు, ఎవరి చెవినా పడదు. తెలుగులో అంటే అంటుకుంటుంది. ఇంగ్లీషు మాటకు మైల లేదు. ఇంటికొచ్చిన కొత్త మనిషిలా అది గడప బయట నిలబడి, లోపలివాళ్లు సర్దుకునేదాకా ఆగుతుంది.

కట్టుబాటు ఒకటే. సీరియస్ అన్నాక దాని మీద ఆశ పెట్టకూడదు. కళ్లు తెరిచాడని గాని, చెయ్యి కదిపాడని గాని అనకూడదు. మళ్లీ ఫోన్ వస్తే ఎత్తకూడదు. బుచ్చన్న ఏనాడూ ఆ గీత దాటలేదు.

ఈసారి మాత్రం ముందు గంగాప్రసాద్ అన్న హన్మాండ్లుకు చేశాడు. ఆదివారం హన్మాండ్లు బిడ్డ శోభ పెళ్లి. ఆ సంగతి గది మొత్తానికి తెలుసు, పెళ్లిచీర గంగాప్రసాదే పంపాడు.

"హన్మాండ్లన్నా, గంగాప్రసాద్‌కు కండిషన్ సీరియస్ ఉన్నది."

అవతల టెంటు గుంజలు దిగగొడుతున్న చప్పుడు.

"ఇంటున్నవా అన్నా? పొద్దుగాల లేపవోతే..."

"ఆగు బుచ్చన్నా."

"గది కాదే..."

"ఆగుమన్న గద. సీరియస్ అన్నవు, ఇన్న. ఆడికే ఆపు. అటెన్క మాట నా చెవులెయ్యకు. నువ్వు చెప్పలే, నేనినలే."

దూరపు చావుకు మైల విన్నప్పటి నుంచే. వినకపోతే పందిరికీ మైల లేదు, పసుపుకూ లేదు.

"చుట్టాలు దిగుతున్నరు తమ్మీ," అన్నాడు హన్మాండ్లు. "పిలగాడు మస్కట్ల చేస్తడు. ఆనికి సెలవు అయిపోవట్టె. ఇప్పుడాగితే పోరి పెండ్లి మల్లెన్నడో. ఆదారం దాటనియ్యి. సోమారం నేనే చేస్త, అప్పుడు చెప్పు. గప్పటిదాక మా తమ్ముడు సీరియసే."

ఆ చివరి మాట అంటూ దగ్గాడు. ఆ దగ్గు తొందరగా ఆగలేదు.

"మరి పుష్పకు?"

"దానికి గూడ గంతే. సీరియస్ అను, పెట్టేయ్యి."

బుచ్చన్న అంతే అన్నాడు, పెట్టేశాడు. పుష్ప ఏడవలేదు. "ఎప్పుడు?" అని సగం అన్నది. మిగతా సగం తెగిపోయింది.

*

పొద్దుగూకే వేళకు ఐమో యాప్‌లో పుష్ప ఫోన్ వచ్చింది. ఎత్తకూడదు. బుచ్చన్న ఎత్తాడు.

"అన్నా."

"ఆఁ చెల్లె."

"ఏమన్న తాగిండా?"

అడిగిన గొంతులో ఏడుపు లేదు, ఎండిపోయి ఉంది. బుచ్చన్న ఎదురుగా కిటికీ కట్ట మీద గిన్నె ఉంది. గంగాప్రసాద్ కుక్కర్‌లో వండేవాడు కాదు. ఆ బువ్వకు పానం ఉండదని, రోజూ సాయంత్రం గంజి వార్చి వండేవాడు. ఆ గంజిలో ఉప్పేసి పక్కన పెట్టుకుని, తెల్లారి ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగి డ్యూటీకి పోయేవాడు. నిన్న వార్చిన గంజి పళ్లెం మూతతో అలాగే ఉంది. ఎవరూ తాగలేదు, ఎవరూ పారబోయలేదు.

ఇన్ని ఇళ్లకు ఫోన్ చేశాడు గాని, సీరియస్ అన్నాక ఏమైనా తాగాడా అని అడిగిన మనిషిని బుచ్చన్న చూడలేదు.

"తాగిండు చెల్లె," అన్నాడు. "గంజి. రెండు గుక్కలు."

అవతల ఊపిరి పీల్చుకున్న చప్పుడైంది. అంతసేపూ ఆమె ఊపిరి బిగబట్టి ఉన్నదని బుచ్చన్నకు అప్పుడు తెలిసింది.

ఒక్క గంజి మాట వెనక ఎన్ని మాటలు పుట్టాయో! గంజి తాగినవాడు ఐసీయూలో ఉండడు గనక వార్డుకు మార్చారనాల్సి వచ్చింది. వార్డులో ఉన్నవాడు మాట్లాడతాడు గనక గొంతులో పైపు ఉందనాల్సి వచ్చింది. వీడియో పెట్టమంటే నెట్ అందదనాల్సి వచ్చింది. ఏడాదిలో మాట్లాడనన్ని మాటలు బుచ్చన్న ఆ కాసేపట్లో మాట్లాడాడు. ఫోన్ పెట్టేసేసరికి ఇక్బాల్ గుమ్మంలో ఉన్నాడు.

"క్యా కరే అన్నా తుమ్?" అన్నాడు. "సీరియస్ అన్నంక గంజేంది?"

"అడిగింది."

"అడిగితే?"

"అడిగితే ఏం చెప్పాలె?"

"ఏం చెప్పద్దు. గదే గద నీ పని. గా ఒక్క పని కోసం నిన్ను వెట్టుకున్నం."

"రేపు బిర్యానీ తిన్నడని చెప్తడు," అన్నాడు రఫీయుద్దీన్ పై మంచం మీంచి. అన్నాక తన మాట తనకే బాగాలేక గోడ వైపు తిరిగాడు.

*

శుక్రవారం పొద్దున కోడి కూసింది. "వచ్చిందా?" అంది పుష్ప. మంచాల మీద ముగ్గురూ మేలుకునే ఉన్నారు, బదులు చెప్పేవాళ్లు లేరు. రఫీయుద్దీన్ దిగి రేపట్నుంచి మోగకుండా ఫోన్‌లో అలారం తీసేయబోయాడు. దానికి తాళం ఉంది. ఛార్జింగు వైరు పీకబోతే బుచ్చన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ."

"ఎందుకన్నా? గుండె జల్లుమంటున్నది."

"ఉండనీ."

ఆ మధ్యాహ్నం ఇక్బాల్, రఫీయుద్దీన్ జుమా నమాజుకు పోయారు. క్యాంపంతా నిశ్శబ్దంగా ఉంది. బయట దుమ్ము ఇంకా దిగలేదు. ఏసీ గాలికి తెర చీర కదులుతోంది. లోపల మనిషి పక్కకు ఒత్తిగిలితే ఎలా కదులుతుందో అలా కదులుతోంది. బుచ్చన్న లేచి తెర పక్కకు లాగాడు. ఖాళీ మంచం. దిండు మీద తల పెట్టిన గుంట, కొబ్బరినూనె వాసన. తెర మళ్లీ వేశాడు. వేశాక మళ్లీ కదిలింది.

అప్పుడు ఫోన్ మోగింది.

"అన్నా, ఇయ్యాల ఎట్లున్నడు?"

"గట్లనే చెల్లె."

"నువ్వు ఆడనే ఉన్నవా?"

"ఆఁ. ఆడనే ఉన్న."

"మాట్లాడకున్న మంచిదే. ఇనవడ్తది గద. చెవికాడ పెట్టు, నేను చెప్పుకుంట."

వద్దనడానికి ఒక్క సాకూ మిగల్లేదు. ఉన్న సాకులన్నీ నిన్నే వాడేశాడు. బుచ్చన్న తెర తీసి ఫోన్‌ను దిండు మీద గుంటలో పెట్టాడు. ఆడమనిషి తన మొగుడితో చెప్పుకునే మాట వినకూడదని గోడ దాకా పోయి అటు తిరిగి నిలబడ్డాడు. చిన్న గది, ఎంత తిరిగినా వినబడుతుంది.

ఆమె దేవుళ్లకు మొక్కలేదు, శోకాలు పెట్టలేదు. ఇంటి సంగతులే చెప్పింది. పందిరి వాకిలి దాటి బాట మీదికి వచ్చిందట. కోడిపుంజును కోయాలంటే తాను ఒప్పుకోలేదట, వచ్చినంక నువ్వే కోసుకో అంది. శోభ పొద్దున్నించి చిన్నాయిన ఫోన్ ఏది అని అడుగుతోందట.

ఆ తరువాత గొంతు తగ్గించింది.

"రేపు పెండ్లికి ఐరేని కుండలు తెస్తరు. కుమ్మరోళ్ల ఇంటికాడికెల్లి ముందటి కుండ నన్నే ఎత్తుకొమ్మంటున్నది అక్క, నీ వదినె. నాకేమో మనసు మంచిగ లేదు. ముత్తైదువ ఎత్తేటిది గద. ఎత్తుకోవాల్నా, ఒద్దా? ఎత్తుమంటే ఊఁ అను. ఒద్దంటే ఊకో."

తెర కదిలింది.

బతుకంతా ఊరుకున్న మనిషి బుచ్చన్న. తండ్రి కొడితే ఊరుకున్నాడు. మేస్త్రీ తిడితే ఊరుకున్నాడు. ఊరుకోవడం అతనికి చేతనైనంతగా ఆ క్యాంపులో ఎవరికీ చేతకాదు. ఇప్పుడు అతను చేయాల్సిందల్లా అదే. దిండు మీద ఫోన్ వెలుగుతోంది. అందులోంచి ఆమె ఊపిరి చప్పుడు కూడా రావడం లేదు, మళ్లీ బిగబట్టింది.

"ఊఁ," అని వినబడింది గదిలో.

బొంగురుగా, కఫం అడ్డుపడ్డ గొంతులాగా. బుచ్చన్న చటుక్కున మంచం వైపు తిరిగాడు. ఎవరన్నారో తెలిసేసరికి కొంతసేపు పట్టింది. తన గొంతులో నొప్పి ఉంది.

*

మరునాడు పెళ్లి గ్రూపులో ఫోటోలు వచ్చాయి. డప్పులవాళ్లు, మామిడాకులు, కుమ్మరి ఇంటి నుంచి వస్తున్న ఆడవాళ్ల వరుస. అందరికంటే ముందు పుష్ప. తల మీద సున్నం, ఎర్రమన్ను పూసిన కుండ. కాళ్లకు పసుపు, జడలో చేతి మందాన పూలు. ఎండ బాగా కాసినట్టుంది, ఆమె నీడ ఆమె కాళ్ల దగ్గరే నల్లగా పడి ఉంది.

నవ్వుతోంది కూడా.

బుచ్చన్న ఫోన్‌ను బోర్లా పెట్టాడు. తరువాత ఎవరెన్ని పంపినా తెరవలేదు.

ఆదివారం కంపెనీ కాగితాల పని చూసే మనిషి వచ్చి, గుర్తుపట్టడానికి రమ్మని బుచ్చన్నను కారెక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాడు. సరిగ్గా ఊళ్లో తలంబ్రాలు పోసుకునే వేళ. చల్లటి గదిలో అర లాగి, గుడ్డ తీసి, వీడేనా అని అడిగారు. మొహం మామూలుగానే ఉంది. పడుకుని ఏదో వింటున్నట్టుంది. బుచ్చన్న ఊఁ అనబోయాడు. నోరు తెరిచాడు గాని రాలేదు. తల ఊపాడు.

సోమవారం సాయంత్రం హన్మాండ్లు ఫోన్ చేశాడు. పిల్లను పంపించేశామన్నాడు. టెంటు విప్పుతున్నారన్నాడు. ఆ తరువాత, "ఇగ చెప్పు బుచ్చన్నా," అన్నాడు.

"గంగాప్రసాద్ పోయిండన్నా. బేస్తారం పొద్దుగాల్నే."

అప్పటిదాకా ఎక్కడ దాచాడో గాని, హన్మాండ్లు పశువులా అరిచాడు. వెనకనుంచి ఒక్కొక్క గొంతూ వచ్చి కలిసింది. ఫోన్ ఎవరి చేతిలోంచో జారి నేల మీద పడి ఆ ఏడుపునే వినిపిస్తూ ఉంది. బుచ్చన్న కట్ చేయలేదు, దానంతట అది ఆగేదాకా చెవికి పెట్టుకునే ఉన్నాడు.

ఇక్బాల్ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాడు. గది పొయ్యి నాలుగు రోజులుగా వెలగలేదు, బయట రొట్టెలు తిని గడిపారు. ఎసరు పొంగే వేళకు పుష్ప ఫోన్ వచ్చింది. ఇక్బాల్, రఫీయుద్దీన్ ఇద్దరూ బుచ్చన్న మొహం వైపు చూశారు. ఎత్తాడు.

"అన్నా."

"చెల్లె."

"బేస్తారమే పోయిండట గద."

"అవు."

"నువ్వు సీరియస్ అన్ననాడే నాకెరుకైంది. అందరు ఎట్ల చెప్తరో నాకు తెల్వదా? అర్రలకు వోయి తలుపేసుకున్న. నా ఏడుపు నేనేడ్సిన. తలనొస్తుందని పండుకుందామనుకున్న, పిల్ల పెండ్లికి నా చెయ్యి తగలకుండ. గంతల మనసు ఆగక నీకు చేసిన. నువ్వు గంజి తాగిండన్నవు."

బుచ్చన్న కిటికీ కట్ట వైపు చూశాడు. ఆ గిన్నె అక్కడే ఉంది. గంజి పులిసి పైన తెల్లటి పొర కట్టింది.

"మళ్ల బతికిచ్చినవు," అంది పుష్ప. గొంతు పెంచలేదు. "సరే, నీ మనసు గట్లన్నది. దానికేమనను. ఒక్కటే అడుగుత, నిజం చెప్పు. శుక్రారం ఊఁ అన్నదెవరు?"

ఇక్బాల్ చేతిలో గరిటె ఆగింది.

"ఆయన గొంతే. నేను పోల్చిన. ఒద్దనుంటే ఊకుంటుండె, ఎత్తుమన్నడు గనుకనే అన్నడు. నేను గిదే అంటే అక్క నమ్ముతలేదు. రేపు శోభకు ఏమన్నయితే నన్నే అంటరు, ముండమోసి చేత్తోటి కుండ ఎత్తిందని. పోయినంక గూడ పలుకుతరా అన్నా? అంటరు గద, కొన్ని దినాలు ఆడనే తిరుగుతరని?"

ఊరుకుంటే చాలు. బుచ్చన్న ఏమీ చెప్పనక్కర్లేదు, అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. ఊరుకుంటే ఆమెకు ఆ ఊఁ మిగులుతుంది. మొగుడు చచ్చి కూడా తనకు సెలవిచ్చాడని ఎవరి ముందైనా తలెత్తి చెప్పుకుంటుంది. అర్ధరాత్రి మేలుకున్నప్పుడల్లా దానికోసం చెవి పెట్టుకుని వింటూనే ఉంటుంది. మళ్లీ అంటాడేమోనని ఊపిరి బిగబట్టి, ముసలిదయ్యేదాకా.

"నేనే చెల్లె," అన్నాడు బుచ్చన్న.

ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఆయన లేడాడ. ఉత్త దిండు. నీ ఫోను దిండు మీద వెట్టిన. ఒద్దంటే ఊకోమన్నవు. నాతోని కాలేదు."

ఎసరు పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమంది. ఇక్బాల్ కదల్లేదు. రఫీయుద్దీన్ లేచి మంట తగ్గించాడు.

ఎంతో సేపటికి పుష్ప ఊపిరి వదిలింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. దూరంగా ఎవరో ఆమెను పిలుస్తున్నారు, గాజుల మాట ఏదో అంటున్నారు.

"తిన్నరా మీరు?" అంది.

"లేదు."

"తినుండ్రి," అని పెట్టేసింది.

గంగాప్రసాద్ ఫోన్ తనంతట తను చప్పుడు చేసి వెలిగింది, ఏదో మెసేజు. బుచ్చన్న పోయి దాని వైరు పీకాడు. తెర చీర ముడులు విప్పి, మడతపెట్టి, గంగాప్రసాద్ పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టాడు. కిటికీ మీది గిన్నె తీసుకుపోయి పారబోసి, ఇసుకపొడితో రెండుసార్లు తోమి తెచ్చాడు.

ఇక్బాల్ అదే గిన్నెలోకి గంజి వార్చాడు. అలవాటు లేని పని, ఆవిరికి వేళ్లు కాలాయి. రఫీయుద్దీన్ నేల మీద ప్లాస్టిక్ కాగితం పరిచి పళ్లేలు పెట్టాడు. పెట్టాక చూసుకుంటే ఒకటి ఎక్కువైంది. తీయబోయి, తీయకుండా కూర్చున్నాడు.

అన్నం, పచ్చడి, ఉల్లిగడ్డ. ముగ్గురూ తల వంచుకుని తిన్నారు. గంజి గిన్నె ఇక్బాల్ తాగి రఫీయుద్దీన్‌కు ఇచ్చాడు, అతను తాగి బుచ్చన్నకు ఇచ్చాడు. బుచ్చన్న దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వేడి తగ్గేదాకా ఆగి, తాగాడు. బయట గాలి మారినట్టుంది, కిటికీ అవతల దుమ్ము కిందికి దిగింది. ఉప్పు వేయడం మరిచిపోయారని ఎవరూ అనలేదు.